జుట్టు తలా, తలపాగానా?

డెంగీ తగ్గి ఆసుపత్రి నుంచి పెద్దవంగర చేరిన రోజు మా ఇంట్లో చిన్నపాటి పండగ అయింది. ప్లేట్‌లెట్లు 18 వేలకు పడిపోయి మళ్ళీ లేచాయి మరి. చిన్నమ్మ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది. బత్తాయిలు, కొబ్బరిబోండాలు వాకిట్లో కుప్ప పడ్డాయి. బొప్పాయాకు రసం పంపిన నాలుగిళ్ళ వాళ్ళూ నన్ను బతికించింది తామేనని నమ్మారు, నేనూ కాదనలేదు. అది సెప్టెంబరు. నెల తిరక్కముందే హైదరాబాదు వచ్చి ఆఫీసు పనిలో పడ్డాను. అందరి లెక్కలోనూ జబ్బు అయిపోయింది. నా లెక్కలో కూడా.

డిసెంబరులో జుట్టు ఊడటం మొదలైంది.

ముందు దువ్వెనలో. ఆ తర్వాత దిండు మీద, కుర్తా వీపు మీద, కలుపుకున్న అన్నంలో, బాత్రూం జాలీ మీద. తలస్నానం చేస్తుంటే వేళ్ళ సందుల్లోకి పాయలు పాయలుగా వచ్చేది. ఒక ఆదివారం తెల్ల కాగితం మీద పరిచి లెక్కపెట్టాను: 214. అలా లెక్కపెట్టకూడదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం నా చేతిలో ఉన్న పని అదొక్కటే అనిపించింది. జడకి మూడు చుట్లు తిరిగే రబ్బరు బ్యాండు ఐదు చుట్లు తిరుగుతోంది.

అమ్మకి ఫోన్ చేసి చెప్తే, "తలకచ్చింది తలపాగతోని పోయిందనుకో బిడ్డా" అన్నది.

ఓదార్చడానికే అన్నది. నేను ఐసీయూలో ఉన్న మూడు రాత్రులూ బయట సిమెంటు బల్ల మీద కూచున్న మనిషి. ఆమె లెక్కలో నా జుట్టు మొత్తం పోయినా ఆ బేరం లాభమే. కాదనడానికి నాకు నోరు రాలేదు. కానీ ఫోన్ పెట్టేశాక కూడా ఆ సామెత నన్ను వదల్లేదు. తలపాగా పోతే ఇంకోటి చుట్టుకుంటాం. అది మన వస్తువు, అంతే. తల దక్కినవాళ్ళు తలపాగా కోసం ఏడవకూడదు, సరే. మరి జుట్టు ఎటు లెక్క? తలలో భాగమా, తలపాగాలో భాగమా?

వినడానికి ఇది పొడుపుకథలా ఉంటుంది. దీని వెనకున్న ప్రశ్న మాత్రం అంత తేలికది కాదు: పెద్ద గండం గడిచి బయటపడ్డ మనిషికి చిన్న నష్టం గురించి బాధపడే హక్కు మిగులుతుందా?

*

నన్ను చూసిన చర్మ డాక్టరమ్మ నేను కవర్లో పట్టుకెళ్ళిన జుట్టుని పక్కన పెట్టేసింది. తల మీద ఒక యాభై అరవై వెంట్రుకల్ని వేళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా లాగింది. చేతిలోకి వచ్చినవాటి మొదళ్ళు చూసింది. తర్వాత ఒకే ప్రశ్న అడిగింది: "మూడు నెలల కింద ఏమైంది?"

ఆమె చెప్పింది, ఆ తర్వాత నేను చదువుకుంది కలిపి చెప్తాను. మనిషి తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఏ సమయంలో చూసినా వాటిలో 85 నుంచి 90 శాతం పెరిగే దశలో ఉంటాయి, మిగతావి విశ్రాంతిలో ఉంటాయి. ఒక్కో వెంట్రుక రెండేళ్ళ నుంచి ఆరేళ్ళ దాకా పెరుగుతుంది, తర్వాత రెండు మూడు నెలలు ఊరికే ఉండి, రాలిపోతుంది. రోజుకి వంద దాకా రాలడం మామూలే. అయితే తీవ్రమైన జ్వరం, ఆపరేషను, కాన్పు, నెత్తురు బాగా పోవడం, సరైన తిండి లేకపోవడం, తట్టుకోలేని దుఃఖం, ఇలాంటిదేదైనా మీద పడినప్పుడు పెరుగుతున్న వెంట్రుకల్లో చాలా భాగం ఒకేసారి విశ్రాంతి దశలోకి వెళ్ళిపోతాయి. అవి రెండు మూడు నెలల తర్వాత ఒక్కుమ్మడిగా రాలతాయి. దీనికి 1961లో ఆల్బర్ట్ క్లిగ్మన్ అనే అమెరికా చర్మవైద్యుడు 'టెలోజెన్ ఎఫ్లూవియం' అని పేరు పెట్టాడు. పేరు కొత్తది గానీ, టైఫాయిడ్ వచ్చి తగ్గినవాళ్ళకి జుట్టు పలచబడుతుందని మన పెద్దవాళ్ళకి ముందే తెలుసు. కోవిడ్ తర్వాత అందరికీ తెలిసింది. 2021 జనవరిలో లాన్సెట్ పత్రిక, వూహాన్ ఆసుపత్రి నుంచి ఇళ్ళకి వెళ్ళిన 1,733 మంది మీద చేసిన అధ్యయనాన్ని అచ్చేసింది. ఆరు నెలల తర్వాత అడిగితే వాళ్ళలో ఐదింట ఒక వంతుకి పైగా జుట్టు ఊడుతోందని చెప్పారు.

ఈ వివరాలన్నిట్లో నన్ను పట్టుకుంది ఆ మూడు నెలల ఆలస్యం.

జ్వరం వచ్చినప్పుడు మన చుట్టూ పదిమంది ఉంటారు. జుట్టు ఊడే సమయానికి ఆ పదిమందీ ఎవరి పనుల్లోకి వాళ్ళు వెళ్ళిపోయి ఉంటారు. బత్తాయిలు ఎప్పుడో అయిపోయాయి. సెలవులు అయిపోయాయి. మేనేజర్ దగ్గర జాలి కూడా అయిపోయింది. శరీరం మాత్రం అప్పుడు తీరిగ్గా, "నాకు సెప్టెంబర్లో ఒకటి జరిగింది, మీకు గుర్తుందా?" అని అడుగుతుంది. వినే మూడ్‌లో ఎవరూ ఉండరు. "ఇంకా అదేనా? బాగానే ఉన్నవ్ గదా!" అంటారు. బాగానే ఉన్నాను. అదే కదా ఇబ్బంది. జబ్బు మనిషిగా చూపించుకోవడానికి నా దగ్గర ఏ రిపోర్టూ లేదు, దువ్వెన తప్ప.

ఇది మామూలుగా ఆరు నెలల్లో సర్దుకుంటుందని డాక్టరమ్మ చెప్పింది. నాకు సర్దుకోలేదు. మళ్ళీ పరీక్షలు చేస్తే థైరాయిడ్ బాగానే ఉంది, ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెర్రిటిన్ మాత్రం 9 దగ్గర ఉంది. జ్వరం రాకముందు నుంచే తక్కువగా ఉండి ఉంటుందని ఆమె అనుమానం. ఆశ్చర్యమేం లేదు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే చాలామంది ఆడవాళ్ళ శరీరాలు మామూలు రోజుల్లోనే అప్పు మీద నడుస్తున్నాయి. పెద్ద జ్వరం ఒకటి వచ్చిందంటే ఆ అప్పు ముందు జుట్టులోంచి వసూలవుతుంది. ఐరన్ మాత్రలు, గుడ్లు, పప్పు, తోటకూర, వీటితో పాటు ఓపిక. ఇవే ఆమె రాసిచ్చిన మందులు. ఇంకో చోట, పేరెందుకు గానీ, ఇరవై నిమిషాల్లో ఆరు ఇంజెక్షన్ల ప్యాకేజీ, ఈఎంఐ, "ఇప్పుడు మొదలుపెట్టకపోతే లేటవుద్ది మేడం" అనే భయం, మూడూ కలిపి అమ్మబోయారు. భయం ఒక్కటే కొనుక్కుని వచ్చాను.

*

జుట్టు తలా, తలపాగానా అన్నదాని మీద మన భాషకి ఒక అభిప్రాయం లేదు. రెండు ఉన్నాయి.

"నువ్వు నాకు వెంట్రుకతో సమానం" అంటాం. అంతకన్నా అల్పమైంది లోకంలో లేదన్నట్టు. ఊడిన వెంట్రుకని చూస్తే అది నిజమే అనిపిస్తుంది కూడా. బయటికి కనిపించే వెంట్రుకలో ప్రాణం లేదు, మొదలు దగ్గర తప్ప. కత్తిరిస్తే నొప్పి లేదు. కానీ అదే నోటితో "వాడి జుట్టు నా చేతిలో ఉంది" అంటాం. అక్కడ జుట్టంటే మనిషి మొత్తం. సభలో ద్రౌపదిని పట్టుకుని ఈడ్చింది జుట్టుతోనే. ఉద్యోగపర్వంలో రాయబారానికి బయల్దేరిన కృష్ణుడికి ద్రౌపది చూపించేది ఆ జుట్టునే. తిక్కన చేతిలో తెలుగువాళ్ళు మర్చిపోలేని ఘట్టమైంది అది. సంధికి ఒప్పుకుంటే రాజ్యంలో భాగమైనా వస్తుంది. ఆమె అడుగుతున్నది వేరే లెక్క. అక్కడ ఎవరూ ఆమెతో, "ప్రాణం దక్కింది గదమ్మా, జుట్టుదేముంది" అనలేదు.

మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ ఈ లెక్క ఒకటి కాదు. మగవాడికి 'బట్టతల' అనే మాట ఉంది. అందులో కొంచెం వేళాకోళం ఉన్నా అవమానం లేదు. పైగా బట్టతల ఉంటే డబ్బుంటుందని ఒక నమ్మకం. ఆడవాళ్ళ విషయానికి వచ్చేసరికి భాషలో ఉన్న మాట 'బోడి'. బోడి సలహా, బోడి పెత్తనం, బోడి చదువు. ఆ మాట వెనక ఎవరున్నారో మనకి తెలుసు. కొన్ని పై కులాల ఇళ్ళలో భర్త పోయిన ఆడపిల్లకి, పన్నెండేళ్ళదైనా సరే, మంగలిని పిలిపించి గుండు చేయించేవాళ్ళు. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించేటప్పుడు ఎదిరించిన లోకం అది. జుట్టు నిజంగా తలపాగాలాంటిదే అయితే, ఒక మనిషిని బతికుండగానే లోకంలోంచి తీసేయడానికి అంతమంది పెద్దమనుషులకి దానితో పనేమొచ్చింది?

కాబట్టి, జుట్టు పోతే భయపడే ఆడవాళ్ళని చూసి అందం పిచ్చి అని నవ్వేవాళ్ళు కొంచెం ఆగాలి. ఆ భయం అద్దంలోంచి ఒక్కదాన్నుంచే రాలేదు. తల బోసిపోయిన ఆడదానికి ఏమవుతుందో ఊరికి తెలుసు, భాషకి తెలుసు. ఒంటికీ తెలుసు.

*

ఇక్కడ నా స్నేహితురాలొకతె అడ్డుపడింది. చాలా ఏళ్ళుగా క్రాపులో ఉంటుంది, బాగుంటుంది కూడా. "అదే నేననేది. ఆ భయం నీది కాదు. నీకు నేర్పించారు. పెళ్ళిచూపుల వాళ్ళు, నూనెల కంపెనీలు, సినిమాలు. నువ్వు దానికోసం ఏడిస్తే వాళ్ళని గెలిపించినట్టే. గుండు చేయించుకో, పీడా పోతుంది."

దీనికి ఒక పాత పూర్వీకుడున్నాడు. సినీసియస్ అని, పదహారు వందల ఏళ్ళ కిందటి గ్రీకు రచయిత. జుట్టుని పొగుడుతూ డియో అనే ఆయన రాసినదానికి జవాబుగా బట్టతలని పొగుడుతూ ఒక వ్యాసం రాశాడు. సరదా అయిన వాదన. కాకపోతే అది మగవాడి బట్టతల. ఆయన వీధిలోకి వెళ్తే "ఏమ్మా, క్యాన్సరా?" అని మెల్లిగా అడిగేవాళ్ళు లేరు.

స్నేహితురాలి మాటలో సగం నిజం ఉంది. నాకు జుట్టంటే ఇష్టం నేర్పించారు. కానీ నేర్పించింది కాబట్టి నాది కాదు అనడం కుదరదు. తెలుగు కూడా నాకు నేర్పించిందే. నేను ఎంచుకోలేదు. రేపు ఏదో జబ్బు చేసి తెలుగు మాటలు ఒక్కొక్కటే మర్చిపోతుంటే, "అది నీకు సమాజం నేర్పిన భాషే కదా, పోనీలే" అని ఎవరైనా అంటారా? ఒక ఇష్టం బయటినుంచి వచ్చినా, పాతికేళ్ళు నా చేతుల్లో మెసిలితే అది నా చెయ్యే అవుతుంది. ఆదివారం పొద్దున గడప మీద కూచుని అమ్మ మోకాళ్ళ మధ్య తల పెట్టి నూనె రాయించుకోవడం. బతుకమ్మ రోజు జడలో చామంతులు నిలబడేలా అల్లించుకోవడం. ఆఫీసులో కష్టమైన పని మొదలుపెట్టే ముందు జుట్టుని రెండు చుట్లు చుట్టి పెన్సిల్‌తో ముడి గుచ్చుకోవడం. ఇప్పుడు పెన్సిల్ జారి కింద పడుతోంది. ఇందులో పెళ్ళిచూపుల వాళ్ళెవరూ లేరు.

ఇంకా ముఖ్యమైన తేడా ఒకటి. ఆమె క్రాపు ఆమె నిర్ణయం. నాది నా నిర్ణయం కాదు. ఆమె ఉద్యోగం మానేసింది, నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు అన్నంత తేడా. ఇద్దరం ఇంట్లోనే ఉన్నాం కాబట్టి ఇద్దరిదీ ఒకటే పరిస్థితి అంటే ఎలా?

ఓదార్పు మాటల్లో నాకు అన్నిటికన్నా బరువైంది వేరే ఉంది: "టెన్షన్ పడకు, టెన్షన్ పడితే ఇంకా ఊడుతది." ఇది అన్నవాళ్ళందరూ నా మంచికోరేవాళ్ళే. కానీ ఆ మాటతో నష్టం నాదీ, తప్పూ నాదే అయిపోతుంది. ఇవాళ 150 ఊడాయంటే నిన్న నేను సరిగ్గా ప్రశాంతంగా లేననుకోవాలి. ప్రశాంతంగా ఉండటం కోసం ఎంత కంగారు పడ్డానో చెప్పలేను.

*

ఐసీయూ బయట కూచున్న రాత్రుల్లో అమ్మ సమ్మక్కకి మొక్కుకుంది. నిలువెత్తు బంగారం, అంటే నా ఎత్తు బరువు బెల్లం. దాంతోపాటు నా తల వెంట్రుకలు. బెల్లం సంగతి తేలిగ్గానే ఉంది, జ్వరం తర్వాత నేను 43 కిలోలే ఉన్నాను, మొక్కు కలిసొచ్చింది. జుట్టు దగ్గరే పేచీ. మాఘమాసంలో మేడారం జాతర దగ్గరపడేసరికి నా తల సగం పలచబడింది.

"ఎట్లన్న పోతనే ఉన్నయి గదా. తల్లికిస్తె పుణ్యమన్న అస్తది" అన్నది అమ్మ.

నాకు అది సరిగా అనిపించలేదు. పోతున్నదాన్ని ఇచ్చానని చెప్పుకోవడం ఏం ఇవ్వడం? ఉంచుకోగలిగిన దాన్ని ఇస్తేనే కదా మొక్కు. చెట్టు మీంచి రాలిన పండ్లు ఏరి తెచ్చి తోట దానం చేశానంటే ఒప్పుకుంటారా? ఇచ్చినవాళ్ళ మనసులో ఏముందన్నది ఎంత పెద్ద ప్రశ్నో 2004 మే నెలలో ఒకసారి లోకానికి తెలిసింది. తిరుమల కళ్యాణకట్టలో భక్తులిచ్చే తలనీలాలని పొడవుని బట్టి వేరుచేసి దేవస్థానం వేలం వేస్తుంది. వాటిలో కొన్ని చేతులు మారి, పెళ్ళయిన యూదు ఆడవాళ్ళు పెట్టుకునే విగ్గుల్లోకి చేరుతున్నాయి. ఆ జుట్టు విగ్రహారాధనలో భాగంగా ఇచ్చింది కాబట్టి వాడరాదని జెరూసలేంలో ఒక పెద్ద మతగురువు తీర్పు చెప్పాడు. న్యూయార్కులో, జెరూసలేంలో ఆడవాళ్ళు ఖరీదైన విగ్గులని వీధుల్లో పోసి కాల్చారు. మన పల్లెల ఆడవాళ్ళు క్షురకుడి ముందు తల వంచినప్పుడు మనసులో ఏమనుకున్నారన్నదాని మీద అంత మంట లేచింది.

తలనీలాలు అనే మాట వెనక తిరుమలలో చెప్పుకునే కథ కూడా నాకు అప్పుడే గుర్తొచ్చింది. పుట్టలో ఉన్న స్వామికి పశువుల కాపరి కొట్టిన దెబ్బ తగిలి, తల మీద ఒకచోట జుట్టు ఊడిపోయింది. నీలాదేవి అనే గంధర్వకన్య అది చూసి, తన జుట్టు కోసి అక్కడ అతికించింది. ఆమె పేరు మీదే నీలాద్రి. చిన్నప్పుడు వింటే ఇది జుట్టు ఇచ్చిన కథ. ఇప్పుడు వింటే జుట్టు ఊడిన కథ. దేవుడికి దెబ్బ తగిలింది, గాయం మానింది, ఒకచోట మాత్రం బోసిగా మిగిలింది. ఆ పిల్ల "ప్రాణం దక్కింది గదా స్వామీ" అనలేదు. బోసిగా ఉన్నచోటు చూసింది.

"వచ్చినంక ఇస్తనమ్మా, మంచిగ పెరిగినంక" అన్నాను.

"వచ్చినంక ఎవలిస్తరే?" అని నవ్వింది. కాసేపాగి, "మొక్కింది నేను గదా" అన్నది.

జంపన్న వాగు ఒడ్డున, నేను బెల్లం సంచి దగ్గర కాపలా ఉండి చూస్తుండగా, అమ్మ వెళ్ళి కత్తి కింద తల పెట్టింది. నడుము దాకా ఉండే జుట్టు. చిన్నమ్మలెవరూ వద్దనలేదు. ఊళ్ళోకి తిరిగొచ్చాక కూడా ఎవరూ జాలిపడలేదు. "మొక్కు తీర్చినవా అక్కా" అని పలకరించారు. అదే వీధిలో, తల నిండా కాకపోయినా సగం జుట్టున్న నన్ను చూసి మాత్రం "అయ్యో" అన్నారు. ఇచ్చిన జుట్టుకి గౌరవం ఉంది. గుంజుకున్న జుట్టుకి కనీసం కోపం ఉంది. రాలిన జుట్టుకి ఊళ్ళో ఏ పేరూ లేదు.

*

పేరు లేదని నేననుకున్నాను. ఉంది. 'చిక్కెంటికెలు.'

ఉగాదికి ఇంటికెళ్ళినప్పుడు, మధ్యాహ్నం పూట బండి మీద ఒకతను "చిక్కెంటికెలూ..." అని అరుచుకుంటూ పోయాడు. సిటీలో పెరిగినవాళ్ళకి తెలియకపోవచ్చు. దువ్వెనలో వచ్చిన జుట్టుని మా ఊరి ఆడవాళ్ళు పారెయ్యరు. వేలికి చుట్టి ఉండ చేసి గోడ సందులోనో, చూరులోనో, ప్లాస్టిక్ కవర్లోనో దాస్తారు. బండతను వచ్చి తూచి, గిన్నెలో, పిన్నులో, పైసలో ఇస్తాడు. ఆ ఉండలు చేతులు మారుతూ ఏలూరు లాంటి చోట్లకి పోతాయి. అక్కడ చిక్కు విడదీసి, దువ్వి, పొడవుల వారీగా కట్టలు కట్టి, విగ్గులకీ సవరాలకీ పంపిస్తారు. చిక్కు తీసేదీ ఎక్కువగా ఆడవాళ్ళే.

అమ్మ నా దువ్వెన జుట్టుని నాకు తెలీకుండా పోగుచేసింది. కవరు తెచ్చి ఇచ్చింది. అతను తూచి, చిన్న స్టీలు గిన్నె ఒకటి ఇచ్చాడు. నాకు నవ్వూ వచ్చింది, ఇంకేదో కూడా వచ్చింది. అది చూసి అమ్మ లోపలికెళ్ళి ఒక గ్లాసు తెచ్చింది. చిన్నప్పట్నుంచీ నేను పాలు తాగే గ్లాసు, అంచు కొంచెం వంగి ఉంటుంది.

"ఇది నువ్వు పుట్టినప్పటిది. నువ్వు నా మొకం గుర్తువట్టి నవ్వుడు షురువు చేసినవు, నాకు ఎంటికెలు ఊడుడు షురువైంది. మూడో నెలల. కొప్పు నిలవకపోయేది. ఆ ఎంటికెలకే గిది ఇచ్చిండు."

కాన్పు తర్వాత మూడో నెల. డాక్టరమ్మ చెప్పిన లెక్క, పొల్లు పోకుండా.

"ఏడ్చినవా?"

"ఏడ్వకేం జేత్త. బాయికాడికి వొయ్యి ఏడ్చిన."

"మరి ఎవలికీ చెప్పలేదా?"

"ఎవలడిగిన్రు?"

బిడ్డ బతికి బట్ట కట్టిన ఇంట్లో తల్లి జుట్టు గురించి ఎవరడుగుతారు. ఆమెకీ అప్పట్లో ఎవరో ఆ తలపాగా సామెతే చెప్పి ఉంటారు. ఆమె దాన్ని ఇరవై ఎనిమిదేళ్ళు దాచి, ఫోన్లో నాకు ఇచ్చింది. అంతకన్నా మంచి మాట ఆమెకి ఎవరూ ఇవ్వలేదు మరి.

*

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వస్తాను. గండం గడిచినవాళ్ళకి చిన్న నష్టం గురించి బాధపడే హక్కు ఉందా? ఉందనే అనుకుంటున్నాను. బతికినందుకు సంతోషం, పోయినదానికి దుఃఖం, ఈ రెండూ ఒకే ఖాతాలో జమా ఖర్చులు కావు. ఒకటి ఎక్కువైతే రెండోది కొట్టేయడానికి. సిమెంటు బల్ల మీద మూడు రాత్రులు కూచున్న అమ్మకి నేను జీవితాంతం రుణపడి ఉంటాను. ఆ రుణానికి వడ్డీగా నా ఏడుపు ఇవ్వమని ఎవరూ అడగకూడదు. అమ్మ కూడా అడగలేదు. ఆమె దగ్గర ఉన్న మాట ఇచ్చింది, ఆ తర్వాత మాట చాలదని ఆమెకే తోచి, జుట్టు ఇచ్చింది.

చనిపోయినవాళ్ళ విషయంలో మన పెద్దలకి ఒక సంగతి తెలుసు. దుఃఖం పదకొండో రోజుతో అయిపోదని. అందుకే మాసికం అన్నారు, ఏడాదికి సంవత్సరీకం అన్నారు. అందరూ మర్చిపోయే సమయానికి మళ్ళీ ఒకసారి ఇంటికి మనుషులు వచ్చేలా ఏర్పాటు చేశారు. చావు దాకా వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళకి అలాంటి తిథి ఏదీ పెట్టలేదు. డిశ్చార్జి రోజు దిష్టి తీస్తే అయిపోయిందనుకుంటాం. శరీరానికి మాత్రం దాని మాసికం ఉంది, మూడో నెలలో వస్తుంది.

అందుకని నేను ఒక చిన్న పని మొదలుపెట్టాను. తెలిసినవాళ్ళకి ఎవరికైనా పెద్ద జ్వరమో, ఆపరేషనో, కాన్పో, ఇంట్లో చావో అయితే, ఆ రోజు వెళ్ళి చూస్తాను సరే, ఫోన్లో మూడు నెలల తర్వాతి తేదీకి కూడా గుర్తు పెట్టుకుంటాను. ఆ రోజు ఫోన్ చేసి ఎట్లున్నవని అడుగుతాను. మొన్న అలా చేస్తే మా టీములో ఒకమ్మాయి, ఏప్రిల్లో వాళ్ళ నాన్న పోయాడు, కాసేపు ఆఫీసు కబుర్లు చెప్పి, గొంతు తగ్గించి, "అక్కా, నీకు కూడా జుట్టు ఊడిందన్నావు కదా..." అని మొదలుపెట్టింది.

ఇది రాస్తున్నది జూలైలో. నా ఫెర్రిటిన్ 9 నుంచి 31కి వచ్చింది. జుట్టు ఇంకా ఊడుతూనే ఉంది, మునుపటంత కాదు. లెక్కపెట్టడం మానేశాను కాబట్టి ఎంతో చెప్పలేను. పాపిటి పక్కన, నుదుటి మీద, దువ్వినా అణగని పొట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అవి నడుము దాకా రావాలంటే నాలుగైదేళ్ళు పడుతుంది, అదీ అన్నీ నిలిస్తే. అమ్మ తల మీద ఇప్పుడు అయిదు వేళ్ళూ పట్టేంత జుట్టు వచ్చింది, సగం నెరిసింది. వీడియో కాల్‌లో ఇద్దరం తలలు వంచి కెమెరాకి చూపించుకుంటాం.

"నాదే జల్ది పెరుగుతుంది" అంటుంది.